ఎరువిచ్చిన విల్లు

“అంకుల్, కాస్త లోపలికెళ్తారా? ఫ్రేములోకొస్తున్నారు.”

ఆ మాటన్నది మెడలో కెమెరా వేలాడేసుకున్న కుర్రవాడు. దరియావలి కూర్చున్నది తన ఇంటి అరుగు మీద, తన తాత వేయించిన కడప బండ మీద. కుర్రవాడి వెనక పెళ్ళి కుదిరిన జంట ఒకటి నిలబడి ఉంది. వాళ్ళకు కావలసింది దరియావలి ఇంటి నీలం తలుపు. ఆ తలుపుకు నీలం వేసింది అందం కోసం కాదు. బోగోలు వైపు పడవలకు రంగులు వేసే బావమరిది ఒకసారి సగం మిగిలిన డబ్బా తెచ్చిచ్చాడు. ఊరికే ఎండిపోతుందెందుకని దరియావలి తలుపుకు పూశాడు. అంతే. పదేళ్ళు తిరిగేసరికి ఆ తలుపు నెల్లూరులో పెళ్ళి ఫొటోలకు పేరుమోసింది.

“నేను కూర్చుంటే ఏమైందబ్బయా?”

“ఏం కాలేదంకుల్. పాతకాలం లుక్కు కావాలి. మీరు బనీను మీదున్నారు గదా.”

దరియావలి లేచి లోపలికి పోయాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ ఇంట్లోనే పుట్టినవాడు, తన ఇంట్లోకి తాను ఎవడో పొమ్మంటే పోయాడు. తలుపు వెనక నిలబడి వాళ్ళ నవ్వులు ఎప్పుడు ఆగుతాయా అని ఎదురు చూశాడు. వంటింట్లోంచి వచ్చిన భార్య కరీమున్నీసా అతన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమయ్యో, కొత్త కోడలి మాదిరి తలుపు చాటున నిలబడినావే?”

“ఫొటోలు తీస్తుండారు. నేను పడకూడదంట.”

“తలుపు పడచ్చు, తలుపుగల్లోడు పడకూడదా? ఆ తలుపేదో పీకి వాళ్ళ చేతిలో పెట్టు. మనం గోనెపట్టా కట్టుకుందాం.”

ఆమె నవ్వుతూ అన్న మాటే. దరియావలికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ వీధి పేరు పరుపుల వీధి. ఎవరూ పెట్టిన పేరు కాదు, దానంతటదే పడింది. ఒకప్పుడు అక్కడ పదకొండు దూదేకుల ఇళ్ళుండేవి. తెల్లవారితే పదకొండు అరుగుల మీద పదకొండు విల్లులు తుంగు తుంగుమని మోగేవి. నెల్లూరులో పుట్టిన పసిబిడ్డకు మొదటి బొంత, పెళ్ళయిన జంటకు మొదటి పరుపు, మంచాన పడిన ముసలివాళ్ళకు ఆఖరి దిండు ఆ వీధి నుంచే పోయేవి. ఊరి నిద్రంతా ఆ పదకొండు అరుగుల మీద తయారయ్యేదంటే అబద్ధం కాదు.

తర్వాత స్పాంజి పరుపులొచ్చాయి. వాటి వెనకే రొయ్యల డబ్బొచ్చింది. తోటపల్లి గూడూరు వైపు గుంటల్లో రొయ్య పండినవాళ్ళు ఊళ్ళోకొచ్చి స్థలాలు వెతికారు. వీధి వెడల్పుగా ఉంది, పెద్ద రోడ్డుకు దగ్గరగా ఉంది, ఇళ్ళవాళ్ళు అవసరాల్లో ఉన్నారు. పదిళ్ళు పోయాయి. అమ్ముకున్నవాళ్ళను తప్పు పట్టడానికి లేదు. కానీ కొన్నవాళ్ళు ఊరుకున్నారా? వీధి మొదట్లో ఒక కమాను కట్టి, దాని మీద ‘సిల్వర్ ఓక్ అవెన్యూ’ అని ఇత్తడి అక్షరాలు బిగించారు. వీధిలో సిల్వర్ ఓక్ చెట్టు ఒక్కటీ లేదు. ఉన్నవి రెండు వేపచెట్లు. కమానుకు అడ్డమొచ్చిందని అందులో ఒకదాన్ని కొట్టేశారు. లేని చెట్టు పేరు రాయడానికి ఉన్న చెట్టును కొట్టినవాళ్ళు, ఉన్న మనుషులను వదులుతారా?

ఇప్పుడా వీధిలో ఏముందని అడిగితే, లేనిదేమిటని అడగాలి. కుక్కలకు తలంటి పోసే దుకాణముంది. ఒక్కో చీర ముందు ఒక్కో దీపం వెలిగించిన బుటీకు ఉంది. పళ్ళ డాక్టరు క్లినిక్కులో మనిషి లోపలికి రాకముందే తలుపు తెరుచుకుంటుంది. దరియావలి కూతురు షాహీనా ఆ క్లినిక్కులోనే ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాస్తుంది. ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే, “ఇక్కడే, సిల్వర్ ఓక్ అవెన్యూలోనే” అంటుంది. ఏ ఇల్లని అడిగితే మాట మారుస్తుంది. ఈ సంగతి దరియావలికి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనపడనివ్వలేదు.

సాయంత్రమైతే కార్లు వస్తాయి. అరుగు అంచును ఆనుకుని నిలుపుతారు. మనిషి బయటికి రావాలంటే పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని రావాలి. కరీమున్నీసా ఒకసారి నీళ్ళ బిందెతో అలా వస్తుంటే కారు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ కారాయన కిందికి దిగి చుక్కలు తుడుచుకున్నాడు గానీ, దారి ఇవ్వలేదు. మూల మీద ఇరవై ఏళ్ళు దోసెలు పోసిన ఎస్తేరమ్మ బండిని కాలవ అవతలికి పంపించారు. వీధికి అందంగా లేదట. ఆమె పోసే కారం దోసె మాత్రం వీధిలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని కేఫులో నల్లరాతి పలక మీద పెట్టి, పక్కన పులిసిన పిండితో వేసిన నాలుగు పులిబొంగరాలు పేర్చి, ఆమె వారం రోజులు కట్టెల పొయ్యి ముందు మాడినా కళ్ళజూడని ధరకు అమ్ముతున్నారు.

ఆ కేఫు పేరు ‘తుంగ్ తుంగ్’.

ఈ పేరు కథ చెప్పాలి. రెండేళ్ళ కిందట వెన్నెల అనే అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం మానేసి వచ్చి, దరియావలి ఎదురింటిని అద్దెకు తీసుకుంది. మర్యాదగల పిల్ల. అరుగు మీద కూర్చుని కరీమున్నీసా ఇచ్చిన టీ తాగి, వీధి కథలన్నీ అడిగి చెప్పించుకుంది. దూది ఎలా ఏకుతారని అడిగితే దరియావలి అటక మీది నుంచి విల్లు దించి చూపించాడు. మనిషి నిలువును మించిన కొయ్య, ఒక కొసన వెడల్పాటి పలక, ఆ కొస నుంచి ఈ కొసకు లాగి కట్టిన మేక నరం. నరాన్ని కొయ్యగుండుతో కొడితే అది దూదిలో వణుకుతుంది, గడ్డకట్టిన దూది పువ్వులా విచ్చుకుంటుంది. అతని నాయన కాశింవలి వాడిన విల్లు అది. ఇరవై ఏళ్ళ కిందట ఏకే మిషను కొన్నాక అటకెక్కింది. పని కాగానే నరం వదులు చెయ్యాలని కాశింవలి రోజూ చెప్పేవాడు. “బిగించి వదిలేస్తే కొయ్య వంకర పోతాదిరా. మనిషి మాదిరే, దానికీ ఊపిరి తీసుకునే పొద్దు ఉండాల” అనేవాడు.

వెన్నెల ఆ నరం మీద వేలితో మీటి, తుంగుమన్న చప్పుడుకు మురిసిపోయింది.

“దీన్ని నాకిస్తారా అంకుల్? కేఫులో గోడకు పెట్టుకుంటాను. ఎంతైనా ఇస్తాను.”

“పనిముట్టును అమ్మరమ్మా. కావాలంటే ఎరువుకి తీసుకుపో.”

“ఎరువా?” అని ఆమె పకపకా నవ్వింది. “చెట్లకేసే ఎరువెందుకంకుల్?”

అప్పుడు పరుపు పని మీద వచ్చి అక్కడే కూర్చున్న ఎస్తేరమ్మ కూడా నవ్వింది. ఎరువుకివ్వడమంటే వాడుకుని తిరిగి ఇచ్చేదని ఆ వీధిలో పలక పట్టని పిల్లకు కూడా తెలుసు. పక్కింటి రోకలి, ఎదురింటి నిచ్చెన, పెళ్ళికి చెవుల కమ్మలు, అన్నీ ఎరువుకే తిరిగేవి. తెలియనిది ఆ అమ్మాయికి. చెప్పాల్సింది దరియావలి. అతను చెప్పలేదు. చదువుకున్న పిల్లకు ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు.

ఏకై వచ్చి మేకైందని సామెత. ఏకు దూదేకులవాళ్ళ చేతిలోదే, మెత్తని దూది చుట్ట. మేకు మాత్రం ఆ విల్లు కోసం ఎదురింటి గోడలో దిగింది.

కేఫు తెరిచిన ఆరు నెలలకు గొడవ మొదలైంది. దరియావలి అరుగు పక్క గదిలో ఏకే మిషను తిరుగుతుంటే ఘర్రుమంటుంది, నిజమే. రోజుకు రెండు గంటలో మూడు గంటలో. పాత పరుపుల దూది తిరగేయించుకునేవాళ్ళు కాలవ అవతల ఇంకా ఉన్నారు. స్పాంజి మీద ఒళ్ళు కాగుతుందని అనేవాళ్ళు, కొత్తది కొనలేక పాతదాన్నే మళ్ళీ మళ్ళీ బతికించుకునేవాళ్ళు. వాళ్ళ మీదే అతని పొయ్యి వెలుగుతోంది. వీధివాళ్ళ వాట్సాప్ గుంపులో దరియావలి లేడు. అతని గురించిన మాటలన్నీ అందులోనే నడిచేవి. చివరికి ఒక సోమవారం నీలం తలుపు మీద ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి గమ్ము టేపుతో అంటించి ఉంది.

షాహీనా చదివి వినిపించింది: “సిల్వర్ ఓక్ అవెన్యూ నివాసుల సంఘం. మన వీధిలో యంత్రముతో దూది ఏకుట వలన శబ్దము మిక్కుటముగా నున్నందున, వచ్చే సోమవారం నుండి సదరు యంత్రమును నిలుపుదల చేయవలెను. లేనియెడల ఇంటి మీటరుపై యంత్రము నడుపుచున్న విషయము కరెంటు వారికి తెలియజేయబడును.”

ఇంటి మీటరు మీద మిషను నడపడం తప్పే. ఆ తప్పు బుటీకు దీపాలు కూడా చేస్తున్నాయి, కుక్కల దుకాణం వేడిగాలి మిషన్లు కూడా చేస్తున్నాయి. వాళ్ళ తలుపులకు కాగితాలు అంటలేదు.

దరియావలి కాగితం పీకాడు. టేపుతో పాటు నీలం రంగు చెక్కలుగా లేచి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని సంఘం అధ్యక్షుడు ముత్యాలయ్య ఇంటికి పోయాడు. ముత్యాలయ్య రొయ్యల మేత వ్యాపారి. పొద్దున్నే తెల్ల బూట్లు వేసుకుని వీధిలో ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తాడు. అప్పుడే నడక ముగించి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“సార్, కేఫులో రసాల మిక్సీ పొద్దస్తమానం తిరగతాది. శనివారం శనివారం గిటారు పెట్టి మైకులో పాడతారు. మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి ఇనపడదు. దానికి లేని కాగితం నాకెందుకు సార్?”

“అది మ్యూజిక్కయ్యా” అన్నాడు ముత్యాలయ్య. “మ్యూజిక్కుకు అభ్యంతరం లేదని మీటింగులో తీర్మానం రాసుకున్నాం, సంతకాలు కూడా చేసినాం. నీది మిషను. రెండూ ఒకటేనా?”

“మిషను ఆపితే నేనేం తినాల సార్?”

“ఇల్లుంది కదా దరియావలీ. ఈ వీధిలో గజం ధర ఎంతో తెలుసా నీకు? అమ్ముకుని, నీ పని నీకు కుదిరే చోట హాయిగా ఉండు. నీ మంచికే చెప్తుండా.”

నీ మంచికే అన్న మాట దగ్గర దరియావలికి చెవులు వేడెక్కాయి. కుదిరే చోటంట! పరుపుల వీధిలో పరుపులవాడికి కుదరకపోతే ఇంకెక్కడ కుదురుతుంది?

ఇంటికొచ్చి చెప్పాడు. కరీమున్నీసా బియ్యం ఏరుతూ విన్నది. ఏటేటా రొట్టెల పండగకు చెరువు గట్టుకు పోయి, ఏదో ఒక కోరిక తీరాలని, అది తీరినవాళ్ళు పంచే రొట్టె పట్టుకొచ్చే మనిషి ఆమె.

“ఇల్లు కావాలనేదానికి రొట్టె ఉండాది, పెళ్ళికి ఉండాది, ఉజ్జోగానికి ఉండాది. ఉన్న ఇంట్లో ఉండనిచ్చే రొట్టె మాత్రం ఒక్కరూ చెయ్యరే!” అంది.

మరుసటి రోజు వెన్నెల వచ్చింది. ఆమె ముఖంలో నిజంగానే నొచ్చుకున్న ఛాయ ఉంది. “నాకు చాలా బాధగా ఉంది అంకుల్. ఒక దారి ఉంది. వచ్చే ఆదివారం సాయంత్రం మా కేఫుకు రెండేళ్ళు నిండుతున్నాయి. పెద్దపెద్దవాళ్ళంతా వస్తారు. మీరు ఆ విల్లుతో దూది ఏకి చూపించండి. మీ పని అంటే ఏంటో వాళ్ళకు తెలుస్తుంది. ముత్యాలయ్య గారితో మాట్లాడాను. అది బాగా జరిగితే రోజూ పొద్దున రెండు గంటలు మిషను వేసుకోనిస్తామన్నారు.”

“చెయ్యి నాయనా” అంది షాహీనా, ఆమె పోయాక. “ఒక్క గంట. ఆ గంటతో ఏడాదంతా నీ పని నీకుంటది.”

దరియావలి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, లోలోపల కాస్త సంతోషపడ్డాడు కూడా. పని చూస్తే పనివాడి విలువ తెలుస్తుందనుకునే వెర్రి ప్రతి పనివాడికీ ఉంటుంది.

అదే వారం ఎస్తేరమ్మ తన పాత పరుపును ఆటోలో వేసుకొచ్చింది. కూతురు అబిగయీలుకు నెలలు నిండుతున్నాయి, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

“వలన్నా, పదకొండేళ్ళ నాడు నువ్వే కుట్టింది. దూది రాయైపోయినాది. పిల్ల పడుకుంటే నడుము పట్టేస్తుండాదంట. పురుడు రాకముందు తిరగేసియ్యి, నీకు పుణ్యముంటాది.”

“ఆదివారం కేఫులో ఇదే ఏకతా లేమ్మా. నలుగురూ చూసినట్టూ ఉంటాది, నీ పనీ అయినట్టుంటాది.”

“నా పరుపా? ఆ దొరల ముందరా? ఒలేయ్ దేవుడా!” అని ఎస్తేరమ్మ బుగ్గలు నొక్కుకుంది. “నా బండి పట్టని చోట నా పరుపు పట్టిందంటే, స్తోత్రం అనుకోవాల్సిందే.”

ఆదివారం సాయంత్రం దరియావలి ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా వేసుకుని, గోనెసంచిలో ఎస్తేరమ్మ దూది కూరుకుని, కొయ్యగుండు చేత పట్టుకుని వీధి దాటాడు. ఇరవై అంగల దూరం. రెండేళ్ళలో అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. షాహీనా వెంట ఉంది.

లోపల గోడ మీద విల్లు కనపడింది. తలకిందులుగా బిగించారు. పలక పైకి, పట్టుకునే కొస కిందికి. కొయ్యకు మెరుపు వార్నీషు పూశారు. నరం బిగించింది బిగించినట్టే ఉంది, రెండేళ్ళుగా. కొయ్య నడుము వంకర పోయింది. దరియావలి దాని మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. వానలో కట్టేసి మరిచిపోయిన ఎద్దును చూసినట్టుంది అతనికి.

విల్లు కింద చిన్న చెక్క మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

“ఏం రాసినార్రా?”

షాహీనా చదివి, తల తిప్పుకుంది.

“చెప్పు మే.”

“జానపద తంత్రీ వాద్యం, నెల్లూరు ప్రాంతం అని రాసినారు నాయనా. వాయించేదంట.”

అప్పటికే ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. చేతిలో గ్లాసు పట్టుకున్న ఒక అమ్మాయి ఆశగా అడిగింది, “దీంట్లో ఏ రాగాలు పలుకుతాయండీ?”

“పరుపు రాగమమ్మా” అన్నాడు దరియావలి. “దిండు తాళం.”

ఆ అమ్మాయి అదేదో నిజమే అనుకుని ఫోనులో రాసుకుంది.

వెన్నెల హడావుడిగా వచ్చి గోనెసంచి చూసి తెల్లబోయింది. “అయ్యో, ఇది వద్దంకుల్! దుమ్ము ఉంటుంది కదా. మీకోసం శుభ్రమైనది తెప్పించాను” అని ఒక పెద్ద ప్యాకెట్టు చేతిలో పెట్టింది. దిండ్లలో కూరే పాలిస్టరు నార. తెల్లగా, జారుడుగా, వాసన లేకుండా ఉంది.

“ఇది దూది కాదు గదమ్మా. ఏకేదానికి దీంట్లో గడ్డ యాడుండాది?”

“ఏకక్కర్లేదంకుల్. ఊరికే కొడుతున్నట్టు చేస్తే చాలు. వీడియోలో తెలియదు.”

కొడుతున్నట్టు. దరియావలి కూతురి వైపు చూశాడు. షాహీనా కళ్ళతోనే బతిమాలింది. పక్కనే సోఫాలో ముత్యాలయ్య కాలి మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండు గంటల మిషను ఆయన చేతిలో ఉంది. దరియావలి తివాచీ మీద కూర్చున్నాడు. పాలిస్టరు నార ముందు పోసుకున్నాడు. గోడ మీది విల్లు దించి, పైన కట్టిన తాడుకు వేలాడదీసి, నరాన్ని సరిచేసి, కొట్టాడు. తుంగ్. నార నరానికి చుట్టుకుంది గానీ విచ్చుకోలేదు. మళ్ళీ కొట్టాడు. తుంగ్, తుంగ్. అది ఇంకా చుట్టుకుంది. పనివాడి కంటికి అది చీదర పుట్టించే దృశ్యం, నేతగాడి ముందు చిక్కుపడ్డ పడుగు లాంటిది.

చప్పట్లు మోగాయి.

అందరూ కొట్టారు. ఫోనులు పైకెత్తి, ఈలలు వేసి కొట్టారు. ముత్యాలయ్య కూడా కొట్టాడు. నలభై ఏళ్ళుగా నిజంగా ఏకుతుంటే, చప్పుడని కాగితం అంటించిన చేతులు అవే. ఏమీ ఏకకుండా ఏకినట్టు నటిస్తే చప్పట్లు కొట్టాయి. దరియావలికి రెండేళ్ళుగా లోపలికి పీల్చుకున్న కడుపు ఒక్కసారి బయటికొచ్చినట్టయింది.

పాలిస్టరు నారను కాలితో పక్కకు తోశాడు. గోనెసంచి మూతి విప్పాడు.

“నాయనా, వొద్దు” అంది షాహీనా మెల్లగా.

“చూడాలన్నారు గదమ్మా. చూడనీ.”

ఎస్తేరమ్మ దూది గడ్డలు తివాచీ మీద పడ్డాయి. నరాన్ని గడ్డలోకి దించి, భుజం ఎత్తి కొట్టాడు. ఈసారి మోగిన తుంగ్ వేరు. కప్పులు అదిరాయి. ఒక్కో దెబ్బకు గడ్డ పగిలింది, దూది లేచింది, దూదితో పాటు పదకొండేళ్ళ దుమ్ము లేచింది. ఎస్తేరమ్మ ఇంటి కట్టెల పొగ, చనిపోయిన ఆమె మొగుడి చెమట, పిల్లల జ్వరాలు, పోపు ఘాటు, అన్నీ లేచి చల్లగాలి మిషను గాలిలో కలిసి గదంతా తిరిగాయి. మొదట నవ్వారు. తర్వాత తుమ్మారు. ఆ తర్వాత ముక్కులు మూసుకుని తలుపు వైపు తోసుకున్నారు. మూడంతస్తుల కేకు మీద బూడిదరంగు నూగు పరుచుకుంది.

“ఆపవయ్యా! ఆపు!” ముత్యాలయ్య రుమాలు అడ్డం పెట్టుకుని అరిచాడు. “ఇంక రెండు గంటలూ లేవు, రెండు నిమిషాలూ లేవు. రేపట్నుంచి నీ మిషను తిరిగితే చూడు!”

దరియావలి కొట్టడం ఆపాడు. విప్పిన దూదిని నెమ్మదిగా సంచిలోకి ఎత్తుకున్నాడు. విల్లు నరం వదులు చేసి, భుజాన వేసుకుని లేచాడు.

“అదెక్కడికి అంకుల్?” వెన్నెల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దుమ్ముకో, అవమానానికో తెలియదు. “అది మీరు నాకిచ్చేశారు కదా!”

“ఎరువుకిచ్చినానమ్మా.”

“ఆ మాటకు అర్థం నాకు తెలియదంకుల్!”

“తెలవనప్పుడు నవ్వినావు గానీ, అడగలేదు గదమ్మా. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇంక నీకు బరువొద్దులే.”

వీధి దాటాడు. అరుగు మీద కరీమున్నీసా నిలబడి ఉంది. విల్లు చూసింది. చాప దులిపి పరిచింది.

సోమవారం దరియావలి తనే మిషను బెల్టు ఊడదీసి మేకుకు తగిలించాడు. గాజుపెంకుతో విల్లు మీది వార్నీషంతా గీకాడు. రోజంతా పట్టింది. వంకర పోయిన నడుము మాత్రం ఇక సరిగ్గా రాదు. మంగళవారం పొద్దున్నే అరుగు పైదూలానికి తాడు కట్టి, విల్లు వేలాడదీసి, ఎస్తేరమ్మ దూది ముందు పోసుకుని కూర్చున్నాడు. బనీను మీదే కూర్చున్నాడు.

తుంగ్. తుంగ్. తుంగ్.

పది దెబ్బలు పడ్డాయో లేదో తెల్ల బూట్లు వచ్చి అరుగు ముందు ఆగాయి.

“ఏందయ్యా ఇది? కాగితం చదవలేదా నువ్వు?”

“నాకు చదువు రాదు సార్. పాప చదువుద్ది. షాహీనా, ఇటు రామ్మా!”

షాహీనా డ్యూటీకి తయారై, తల దువ్వుకుంటూ బయటికొచ్చింది. అప్పుడే క్లినిక్కు తెరవడానికి పోతున్న ఇద్దరు తోటి ఆడపిల్లలు వీధిలో ఆగి ఆమెను చూశారు, ఆమె వెనకున్న నీలం తలుపును చూశారు. షాహీనా ఒక్క క్షణం తడబడింది. తర్వాత అరుగు దిగి, ఆ ప్లాస్టిక్ కవరును పైకి పట్టుకుని, పేర్లు పిలిచే గొంతుతో చదివింది.

“యంత్రముతో దూది ఏకుట వలన. యంత్రముతో అని రాసినారు సార్. ఇక్కడ యంత్రం లేదు. కరెంటూ లేదు.”

“అయితే ఈ చప్పుడేంది?”

“ఇది చప్పుడు కాదు సార్” అన్నాడు దరియావలి. “కేఫులో మీవాళ్ళే రాసి పెట్టినారు గదా, వాద్యమంట. మ్యూజిక్కుకు అభ్యంతరం లేదని మీరే తీర్మానం చేసినారు, సంతకాలు కూడా పెట్టినారు. నేను వాయిస్తుండా.”

కాలవ అవతల నుంచి పనికొస్తున్న ఇద్దరాడవాళ్ళు ఆగి నవ్వారు. పరుపు సంగతి కనుక్కుందామని వచ్చిన ఎస్తేరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, “ఏం రాగం వలన్నా?” అని కేకేసింది.

“అబిగయీలు పరుపు రాగం!”

“ఆదివారం మీటింగు పెడతా” అన్నాడు ముత్యాలయ్య. మెడ మీది నరాలు ఉబ్బాయి. “తీర్మానం మారుస్తా. ఇదీ అదీ అన్నీ రాయిస్తా. చూస్తా ఎట్టా వాయిస్తావో.”

ఆయన పోయాడు. మారుస్తాడు కూడా. కాగితం వాళ్ళది, కలం వాళ్ళది, గుంపూ వాళ్ళదే. అక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియంది కాదు.

మిషను మీద గంటలో అయ్యే పని, విల్లుతో మూడు రోజులు. దరియావలి కుడి భుజం అప్పుడే మండుతోంది. ఇరవై ఏళ్ళు మరిచిన దెబ్బ, ఒక్కోసారి గురి తప్పి అరుగుకు తగులుతోంది. ఎస్తేరమ్మ దగ్గరికొచ్చి విప్పిన దూదిని గుప్పెట పట్టి చూసింది.

“ఎన్నాళ్ళన్నా?”

“శుక్రవారానికి ఇస్తా.”

“పిల్లకు ఈ వారంలోనే అంటుండాడు డాక్టరు.”

“ఆదివారం దాకా మనదే వీధి” అని కరీమున్నీసా లోపలి నుంచి వచ్చి, మొగుడి భుజానికి వేడి నూనె గుడ్డ అదిమింది. “కొట్టయ్యా. మాటలు తర్వాత.”

దరియావలి గుండు అందుకున్నాడు.